సబ్బునీళ్ళు తప్ప

"ఇదేంటమ్మా, పండు కూడా మొహం ముడుచుకుని పుట్టింది" అంది మా అత్తగారు, మొదటి స్ట్రాబెర్రీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి పెట్టి చూస్తూ.

నేను గిన్నెలు తోముతున్నాను. మోచేతుల దాకా నురుగు. ఆ పండు నిజంగానే అలా ఉంది. ఒక పక్క ఎర్రగా బొద్దుగా ఊరింది, రెండో పక్క పిడికిలి బిగించినట్టు గిడసబారిపోయి, గింజలన్నీ ఒకచోట గుంపు కట్టాయి. ఆవిడ నవ్వుతూనే అంది, కోపంగా ఏమీ కాదు. మా ఇంట్లో ఎవరూ కోపంగా మాట్లాడరు. అందుకే ఏ మాటకీ జవాబు చెప్పడానికి వీలుండదు. "నీ చేతిలో ఏదీ నిండుగా పెరగదేం" అని కూడా అంది. ఆ తర్వాత ఆవిడ చూపు గదిలో ఆడుకుంటున్న నా కూతురి మీదికి వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ పండు మీదికి వచ్చింది. ఆ చూపు వెళ్ళి వచ్చిన దారంతా నేను చూశాను.

మా అమ్మాయికి మూడున్నరేళ్ళు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ముద్దుకే మొదలుపెట్టారు, పోనుపోను అది బరువు గురించిన మాట అయింది. క్లినిక్కులో ఒక పటం ఉంటుంది, మెట్లెక్కినట్టు గీతలుంటాయి దానిమీద. మా పిచ్చుక చుక్క ఎప్పుడూ అట్టడుగు గీతకి కిందే. నర్సు ప్రతి నెలా ఆ చుక్క పెట్టి, పిల్లని కాదు, నన్ను చూసేది. ఏం పెడుతున్నారు, ఎన్నిసార్లు పెడుతున్నారు, మీరు తింటున్నారా అసలు అనేది. పెట్టేదంతా బుగ్గన పెట్టుకుని గంట తర్వాత ఉమ్మేసే పిల్లకి ఎన్నిసార్లు పెడితే ఏమిటి? ముద్ద పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. తలుపు సందుల్లో, మంచం కింద, చివరికి ఖాళీ బాత్‌టబ్బులో కూర్చోబెట్టి కూడా తినిపించడానికి చూశాను. అలాంటి పిల్ల ఎవరింట్లోనో పుట్టినరోజు కేకు మీదున్న స్ట్రాబెర్రీని కళ్ళు మూసుకుని నమిలి మింగి, "ఇంకోటి" అంది. ఇంకోటి అన్న మాట దాని నోట నేను వినడం అదే మొదలు. బజారులో కొన్న పెట్టెలో పైవరస ఎర్రగా, కింది వరస బూజుగా ఉంది. పైగా ఏ మందులు కొట్టి పండిస్తారో అని నా భయం. నాకు భయాలు ఎక్కువే. ఆ సంగతి ఒప్పుకుంటాను.

అలా మొదలయ్యాయి వెనక బాల్కనీలో పదకొండు కుండీలు.

మొక్కల గురించి నాకు బొత్తిగా తెలియదనీ కాదు. డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకున్నాను. రెండో ఏడు సగంలో పెళ్ళయింది. "పరీక్షలు ఎక్కడికి పోతాయి, తర్వాత రాసుకోవచ్చు" అన్నారు అందరూ. పరీక్షలు ఎక్కడికీ పోలేదు, నిజమే. నేనే పోయాను. సగం పేజీలు ఖాళీగా ఉన్న ప్రాక్టికల్ రికార్డు మాత్రం పారెయ్యబుద్ధి కాక వెంట తెచ్చుకున్నాను. అందులోనే స్ట్రాబెర్రీల సంగతి రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు పరిశీలన, కుడివైపు కారణం, కింద చేసిన పని. మొదటి పేజీలోనే రెండు చావులున్నాయి. టమాటా నారు నాటినట్టు మెడదాకా మట్టి కప్పి గట్టిగా ఒత్తాను. వారంలో నడుమనుంచి కుళ్ళి, పట్టుకుంటే ఆకులన్నీ చేతికొచ్చాయి. కుళ్ళిన మొక్కని సంచిలో వేసుకుని వీధి మలుపులో నారు అమ్మే పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తిరగేసి చూసింది.

"గొంతుదాకా పూడ్చేశావు కదే తల్లీ. దీని ప్రాణం ఇదిగో, ఆకులన్నీ పుట్టే ఈ ముడి దగ్గరుంటుంది. వేరు మట్టిలో ఉండాలి, ముడి పైకి ఉండాలి. ఊపిరాడొద్దూ దానికి?"

వంకర పండు పట్టుకెళ్ళినప్పుడు ఇంకో మాట అడిగింది. "మీ బాల్కనీకి అద్దాలున్నాయా?"

"ఉన్నాయి పెద్దమ్మా. మా అత్తగారికి దుమ్ము పడదు, అందుకని ఎప్పుడూ మూసే ఉంచుతాం."

"మరి తేనెటీగ ఎలా వస్తుంది, బెల్లు కొట్టి వస్తుందా?"

పండు మీద కనపడే ప్రతి గింజకీ పుప్పొడి అందాలట. అందినచోట కండ పడుతుంది, అందనిచోట ముడుచుకుపోతుంది. రోజూ పొద్దున్నే, పాలు పొయ్యి మీద పెట్టకముందే పిచ్చుక రంగుల పెట్టెలోని కుంచె తీసుకుని ఒక్కో పువ్వు నడుమ గుండ్రంగా తిప్పేదాన్ని. ఆయన డ్యూటీకి తయారవుతూ గుమ్మంలో నిలబడి, "ఏంటి సైంటిస్టుగారూ, పువ్వులకి మేకప్పా?" అనేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీస్తే, వాళ్ళు ఆయన చేతులు పట్టుకుని దండాలు పెడతారు. ఎక్కడ ఏం పాడయినా లోపం కనిపెట్టడం పది నిమిషాలు, సరిచెయ్యడం అయిదు నిమిషాలు అంటాడు. నా పని ఏదైనా పావుగంట దాటితే ఆయనకి ఆవలింతలు వస్తాయి. ఆ పువ్వుల పని గంట పట్టేది, అది అయ్యాకే అత్తగారూ పిచ్చుకా లేచేవాళ్ళు. ఆ గంట ఎవరి లెక్కలోనూ లేదు కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు.

అత్తగారిని బతిమాలి అద్దం జానెడు తెరిపించాను. ఒక తేనెటీగ వచ్చింది, తర్వాత మూడు వచ్చాయి. పండ్లు నిండుగా రావడం మొదలైంది. బూజు పడితే ఆకుల మీద నీళ్ళు పోయడం మానేసి మొక్క మొదలు దగ్గర పోశాను, పండ్ల కింద ఎండుగడ్డి పరిచాను. ఎరువు ఎక్కువై ఆకులే ఆకులొస్తే నెలరోజులు ఎరువు మానేసి వాటి నోరు కట్టేశాను. పక్కకి సాగే తీగల్ని తుంచేశాను. పిచ్చుక నిద్ర లేస్తూనే పరుగున బాల్కనీకి పోయేది. పండుని మొక్కమీదే ఉంచి ముందు ఊదేది, వేడి పాలు ఊదినట్టు. తర్వాత తుంచుకుని అక్కడే తినేది. నేను కడగనిచ్చేదాన్ని కాదు. నేను పెంచింది కడగక్కర్లేదని నా గర్వం. రోజుకి నాలుగు పండ్లు తిన్న పిల్ల, ఆ ఊపులో రెండు ముద్దలు కూడా తినేది. రెండు నెలలకి పటంలో చుక్క గీతని తాకింది. నర్సు ఆ రోజు నన్ను చూసి నవ్వింది. ఇంటికొచ్చి చెబితే, "వయసొస్తే తింటారమ్మా పిల్లలు, అందులో ఏముంది" అంది అత్తగారు.

ఆ తర్వాత పేనుబంక పట్టింది.

లేత ఆకుల అడుగున పచ్చటి నూకల్లా అంటుకుని ఉండేవి. వాటి వెనకే జిగురు, జిగురు కోసం చీమల బారు. సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఒక్కో ఆకు తిరగేసి తుడిచేదాన్ని. మూడు రోజులకి మళ్ళీ వచ్చేవి. ఆయన ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని కాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళిలా ఆకులకి స్నానాలు పోస్తావు? ఒక్కసారి మందు కొడితే పోయేదానికి."

"పిల్ల మొక్కమీంచి తుంచుకుని తింటుందండీ. మందు మాట ఎత్తకండి."

"నువ్వూ నీ భయాలూ. లోకమంతా మందు కొట్టిందే తింటోంది."

"లోకం సంగతి నాకెందుకు. ఇది పిచ్చుక తింటుంది."

"సరేలే తల్లీ" అని నవ్వి లేచాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ గురువారం అత్తగారికి కంటి ఆపరేషన్. పొద్దున్నే ఆవిడని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. చీటీలు, వరసలు, చుక్కల మందులు, కట్టు అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. ఆయన సెలవు పెట్టి పిచ్చుకతో ఇంట్లో ఉన్నాడు. ఆ రోజు సెలవు పెట్టినందుకు ఎదురింటివాళ్ళు ఆయన్ని ఎంత మెచ్చుకున్నారో చెప్పలేను. మర్నాడు పొద్దున్న బాల్కనీలోకి వెళితే ఆకుల అడుగున ఒక్క పురుగు లేదు. చీమలు కూడా లేవు. నా ఒళ్ళు గాల్లో తేలినట్టయింది. "చూశారా, మందూ మాకూ లేకుండా ఎలా పోయాయో" అన్నాను కాఫీ ఇస్తూ. ఆయన చిన్నగా నవ్వి, "నీది గొప్ప ఓపిక" అన్నాడు. ఆ నవ్వు నా మీద మెప్పనుకున్నాను. రికార్డులో రాసుకున్నాను కూడా: సబ్బునీళ్ళు, పది విడతలు, పూర్తిగా పోయింది.

శుక్రవారం పండినవి లేవు, శనివారం పొద్దున్న పిచ్చుక ఆరు పండ్లు తింది. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. వాంతులు పిల్లలకి కొత్త కాదు, నన్ను భయపెట్టినవి వేరే. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది, ఒళ్ళంతా చెమట, కళ్ళు నీళ్ళు కారుతూ వెలుతురు లేనట్టు తడుముకుంటోంది. ఎత్తుకుంటే తడిగుడ్డలా భుజం మీద వాలిపోయింది. క్లినిక్కుకి ఎలా వెళ్ళామో నాకు గుర్తులేదు, మెట్ల దగ్గర నా కాలికి చెప్పు లేదన్నది మాత్రం గుర్తుంది.

డాక్టరమ్మ టార్చి వేసి కంటిపాపలు చూసింది, నాడి చూసింది. ప్రశ్నలన్నీ నన్నే అడిగింది. ఏం తింది, ఎప్పుడు తింది, మలం ఎలా ఉంది, ఏమైనా మింగిందా. తల్లినే కదా అడుగుతారు. పరీక్షలు రాయలేకపోయినదాన్ని, ఈ ప్రశ్నలకి మాత్రం ఒక్కటీ తడుముకోకుండా చెప్పాను.

"పురుగుమందులేమైనా? ఇంట్లో గానీ, మొక్కలకి గానీ ఈ మధ్య కొట్టారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"లేదండీ. మొక్కలన్నీ నేనే చూసుకుంటాను. సబ్బునీళ్ళు తప్ప ఇంకేమీ వాడను."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగానండీ."

డాక్టరమ్మ రాసుకుంది. నా పక్క కుర్చీలో ఆయన పిచ్చుక కాలి మేజోడు సరిచేస్తున్నాడు. తొడిగాడు, తీశాడు, మళ్ళీ తొడిగాడు. ఆ వేళ అది నాకు ప్రేమలా కనిపించింది.

రెండు రోజులు సెలైన్ పెట్టి ఉంచారు. తిండి వల్లే అయ్యుంటుంది, కడగని పండ్ల వల్ల కావచ్చు అన్నారు. పిచ్చుక తేరుకుంది గానీ తినడం మానేసింది. ముద్ద చూపిస్తే చాలు, నోరు రెండు చేతులతో మూసుకునేది. రెండు నెలల్లో ఎక్కిన చుక్క వారంలో దిగిపోయింది. డాక్టరమ్మ పదిరోజులాగి రమ్మంది. అప్పటికీ తినకపోతే మత్తిచ్చి గొంతులోంచి గొట్టం వేసి కడుపులో ఏముందో చూడాలంది. మత్తు అన్న మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. మిగతాది ఆయనే విన్నాడు.

ఇంట్లో తీర్పు అప్పటికే అయిపోయింది. "మట్టిలో పెట్టిన చేతులతోనే పిల్లకి పెట్టడం, కడక్కుండా తినమనడం" అంది అత్తగారు కట్టు కింద నుంచి. ఆడపడుచు ఫోనులో, "వదినా, వీడియోలు చూసి పెంచితే ఇంతే మరి" అంది. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ కూర్చున్నప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "దాన్నేమీ అనకండి. ప్రేమకొద్దీ చేసింది, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. అందరి ముందూ నన్ను క్షమించాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నాలాంటిదాన్ని భరిస్తున్నందుకు ఎంత మంచివాడో అనుకున్నాను.

కుండీలు తీసేద్దామని మర్నాడు బాల్కనీలోకి వెళ్ళాను. తీసేసేముందు ఆఖరి పేజీ రాద్దామనుకున్నాను. అలవాటు. పరిశీలన కింద రాయడానికి వంగి చూస్తే, పళ్ళెంలో చీమలు బారుగా చచ్చి ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ ఉన్నచోటే ఆగిపోయినట్టు. కిటికీ పట్టీ మీద రెండు తేనెటీగలు వెల్లకిలా పడున్నాయి. ఆకుల అంచులు మాడి గోధుమరంగుకి తిరిగాయి. సబ్బు మచ్చ అలా ఉండదు, నాకు తెలుసు, నెలరోజులు చూశాను. వెనక అద్దం మీద సన్నటి తుంపర ఎండిపోయి తెల్లటి చుక్కలు మిగిలాయి. ఆ చుక్కలు నేను చెయ్యెత్తినా అందనంత పైదాకా ఉన్నాయి. నేను గుడ్డతో తుడుస్తాను. తుంపర కొట్టే సీసా మా ఇంట్లో లేదు.  కుడివైపు గడిలో రాయాల్సిన మాట నాకు తెలుసు, చెయ్యి రాయలేదు. నేనే పొరబడుతున్నాను, నింద తప్పించుకోవడానికి మనసు ఏవో అల్లుతోంది అనుకున్నాను. తప్పు నాదేనని అప్పటికి ఎంత అలవాటయిందంటే, కాదేమో అనుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఆకు తెంపుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆకుని ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపింది.

"ఇది సబ్బు పని కాదే అమ్మాయ్. మందు కొట్టారు, అదీ గట్టిగా కొట్టారు. ఎవరు కొట్టారు?"

"తెలీదు పెద్దమ్మా."

"కొట్టినవాళ్ళు చెప్పాలి కదా ఇంట్లో. ఈ మందు కొట్టాక పది పదిహేను రోజులు పండు ముట్టకూడదు. డబ్బా మీదే రాసుంటుంది."  నా మొహం చూసి, తన మూట మీద కాస్త జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. 

ఇంటికొచ్చి వెతికితే, మందు సీసా ఆయన సర్వీసు సంచిలో ఉంది, స్పానర్లకీ గ్రీజు డబ్బాకీ మధ్య. దాచిపెట్టినట్టు కూడా లేదు. సగం ఖాళీ. వెనక చిన్న అక్షరాల్లో పద్నాలుగు రోజులని ఉంది.

ఆయన సాయంత్రం వచ్చి బూట్లు విప్పుకుంటుంటే సీసా తెచ్చి స్టూలు మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి లేసు విప్పడం ఆపాడు.

"పిల్ల చేతికి అందకూడదని సంచిలో పెట్టాను" అన్నాడు. మొదటి మాట అది.

"గురువారం కొట్టారా?"

"నీ కష్టం చూడలేక కొట్టాను. రోజూ గంటలకి గంటలు ఆకులు తుడుస్తున్నావు. నువ్వొచ్చేసరికి శుభ్రంగా ఉంటే సంబరపడతావనుకున్నాను. పడ్డావుగా. నీ సబ్బు వల్లే పోయాయని మురిసిపోతుంటే, ఎందుకులే చెప్పడం అని ఊరుకున్నాను."

"పిల్ల తింటుందని తెలీదా?"

"కడిగి పెడతావనుకున్నాను. ఎవరైనా కడుగుతారు కదా."

సీసాని చిన్న అక్షరాలు ఆయనకి కనపడేలా తిప్పాను. "డాక్టరమ్మ అడిగింది. రెండుసార్లు అడిగింది. మీరు పక్కనే ఉన్నారు."

ఆయన గొంతు తగ్గించాడు. నిజంగా నచ్చచెప్పే గొంతు, ఇరుక్కుపోయిన లిఫ్టులోవాళ్ళతో మాట్లాడే గొంతు. "నువ్వు చెప్పేశావుగా లేదని. ఖచ్చితంగా అని కూడా అన్నావు. నువ్వన్నాక నేను కాదంటే అక్కడ నీ పరువేం కాను? ఇంట్లో ఏం జరుగుతోందో తెలియని తల్లి అనుకోరూ?"

 నా పరువు కోసం ఊరుకున్నాడట. నా పరువు కోసమే వారంరోజులుగా అందరూ నన్ను అనాల్సినవన్నీ అంటుంటే పక్కన కూర్చుని విన్నాడు. నా పరువు కోసమే నన్ను క్షమించాడు. అన్నిటికన్నా భయంకరమైన సంగతేమిటంటే, ఆయన అబద్ధం చెప్పడం లేదు. అలాగే అనుకుంటున్నాడు.

"గొట్టం వేసి చూస్తామంటున్నారు. మత్తిస్తారట."

"చూడనీ. మంచిదేగా, ఒకసారి అంతా చూస్తే మనకీ ధైర్యం. ఇప్పుడిది తవ్వితే డాక్టరు నన్నేమంటుందో, ఎవరికి రాస్తుందో. నా ఉద్యోగం సంగతి ఆలోచించు. భద్రత చూసే ఉద్యోగం నాది."

అత్తగారికి రోజుకి నాలుగుసార్లు కంట్లో రెండు రకాల చుక్కలు వెయ్యాలి. క్లినిక్కుకి వెళ్ళాల్సిన ముందురోజు మధ్యాహ్నం ఆవిడ తల వెనక్కి వాల్చి పడుకుంది. నేను పై రెప్ప ఎత్తి పట్టుకున్నాను. మా ఇద్దరి మాటలన్నీ ఆవిడకి వినపడే ఉంటాయి, మా ఇంట్లో గోడలు అంత మందం కావు.

"రేపు అక్కడ ఏమీ మాట్లాడకమ్మా" అంది. "వాడు నీకోసమే చేశాడు. పిల్ల లేచి తిరుగుతోందిగా."

"గొట్టం వేస్తారట అత్తయ్యా."

"నొప్పి తెలీదంటున్నారుగా."  చుక్క పడింది, కన్ను మూసి తెరిచింది. "వాడి పిక్క మీద మచ్చ చూశావుగా."

చూశాను. పెళ్ళైన కొత్తలో ఆయనే చూపించాడు. "మా అమ్మ అజాగ్రత్త, రెండేళ్ళప్పుడు వేడినీళ్ళ బకెట్ దారిలో పెట్టింది" అని నవ్వుతూ చెప్పాడు.

"ఆ బకెట్ పెట్టింది మీ మామగారు" అంది అత్తగారు కప్పు వైపు చూస్తూ. "తను స్నానానికి తోడుకుని, ఫోనొస్తే అక్కడే వదిలి వెళ్ళారు. మా అత్తగారు అడిగితే నేనే పెట్టానని చెప్పాను. అప్పటికప్పుడు గొడవెందుకని. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత వాడు పెద్దాడయ్యాడు. రెండో చుక్కల మందు కూడా వెయ్యి."

వేశాను. ఆవిడ కొంగుతో చెంప తుడుచుకుంది. చెప్పమన్నట్టా, చెప్పొద్దన్నట్టా అని నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా కొడుకు నవ్వుతూ చెప్పే ఆ మాట వింటూ ఈ ఇంట్లో తిరుగుతోంది ఈవిడ. పిచ్చుకకి పెళ్ళీడు వచ్చేసరికి నా గురించి ఏం చెబుతుందో నాకు అప్పుడే వినబడింది.

మర్నాడు క్లినిక్కుకి వెళ్తూ దారిలో ఆయన, "నేను మాట్లాడతాలే. బయటేదో తిందని చెబుదాం" అన్నాడు. నేను ఊఁ అనలేదు. అననందుకు ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

డాక్టరమ్మ పిచ్చుకని తూచింది, పొట్ట నొక్కి చూసింది, ఫైలు తెరిచింది. అందులో ఉన్నది పైకి చదివింది: తల్లి చెప్పిన ప్రకారం ఇంట్లో పురుగుమందుల వాడకం లేదు. చదివి, కేలెండరు దగ్గరికి లాక్కుంది. "తినడం లేదంటున్నారు కాబట్టి వచ్చే మంగళవారం పెట్టుకుందాం. పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకురండి." పెన్ను చేతిలోకి తీసుకుని, రాసేముందు నా వైపు చూసింది. "కొత్తగా గుర్తొచ్చిందేమైనా ఉందా అమ్మా?"

"అసలు బయట..." అని ఆయన మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను చెప్పింది కొట్టెయ్యండి డాక్టరుగారూ" అన్నాను.  "మా ఇంట్లో మొక్కల సంగతి అంతా నాకు తెలుసనుకుని చెప్పాను. నాకు తెలీదు. తెలిసినాయన ఇక్కడే ఉన్నారు. ఆయన్ని అడగండి."

డాక్టరమ్మ ఫైల్లో ఆ వాక్యం కొట్టేసింది. తర్వాత కుర్చీ కొద్దిగా ఆయన వైపు తిప్పింది. పిచ్చుక పుట్టినప్పటినుంచీ ఎన్ని క్లినిక్కులు తిరిగామో, ఎంతమంది నర్సులు, ఎంతమంది డాక్టర్లు, ఒక్కరూ కుర్చీ అటువైపు తిప్పగా నేను చూడలేదు.

"చెప్పండి" అంది ఆయనతో.

 ఆయన మందు పేరు చెప్పాడు. గురువారం అని చెప్పాడు. ఎంత కలిపారంటే, కొలవలేదన్నాడు. పిల్ల ఎప్పుడు తిందంటే, శనివారం అన్నాడు. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. మంగళవారం మీద గీత కొట్టింది. ముందు రక్తపరీక్ష చాలు, గొట్టం మాట తర్వాత చూద్దాం అంది. పెన్ను కింద పెట్టి, చేతులు బల్ల మీద ఆనించి అడిగింది.

"ఆ రోజు నేను రెండుసార్లు అడిగాను. మీరు ఈ కుర్చీలోనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదు?"

 ఆయన నా వైపు తిరిగాడు. చుట్టాల్లో ఎవరైనా ఇబ్బందిపెట్టే మాట అడిగినప్పుడు, వాళ్ళమ్మకి ఏదైనా తేవడం మరిచిపోయినప్పుడు, అలాగే తిరుగుతాడు. ఆ క్షణంలోనే నేను అందుకుంటాను, నవ్వుతూ, మరిపించేలా, ఆయన తడబడ్డాడని కూడా ఎవరికీ తెలియకుండా. ఇప్పుడు కూడా మూడు జవాబులు నా నాలుక మీదికి వచ్చాయి. కంగారులో ఉన్నారండీ. పిల్లని చూసి భయపడిపోయారండీ. నేనే గట్టిగా చెప్పేసరికి.

నా ఒళ్ళో పిచ్చుక బల్ల మీదున్న రబ్బరు ముద్ర కోసం చెయ్యి చాపుతోంది. దాని చేతికి అందేలా కొంచెం ముందుకి జరిగాను. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని చూస్తోంది. నేను ఆయనకి ఏ జవాబూ అందించలేదు.